నత్తకూ కత్తెరకూ మధ్య ఒక తువ్వాలు

నా కంప్యూటర్ పంతొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా ఆగలేదు. ఈ మాట ఎవరి ముందైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెబుతాను. ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపినవాణ్ణి, బండిని ఎలా చూసుకోవాలో నాకు ఒకరు నేర్పక్కర్లేదు. ఒకసారి నా బస్సు బ్రేకులు ఫెయిలై కొండ దిగుతుంటే, హారన్ కొట్టి మర్యాదగా బతిమాలాను. ఆగింది. నమ్మనివాళ్ళు ఆ బస్సునే అడగండి.

నేను చదివింది మా ఊరి బళ్ళో ఐదో తరగతి వరకే. అయినా ఈ కథ నేనే చెప్పాలి. ఎందుకంటే ఇందులో ప్రేమించుకున్న ఇద్దరికీ సిగ్గు, మా కోడలికి తీరిక లేదు.

మా మనవడు పగలు ఒక పళ్ళ డాక్టరు దగ్గర కంప్యూటర్లు చూస్తాడు. మిగిలిన పొద్దంతా లినక్స్ చూస్తాడు. అదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమని అడిగితే వాడు మూడు గంటలు చెప్పాడు. మీకు నేను మూడు ముక్కల్లో చెబుతాను. ఇంజను అందరిదీ, ఉచితం. ఎవరైనా తీసుకుని దాని మీద తమ బాడీ కట్టుకుని, సీట్లు బిగించుకుని, రంగు కొట్టి, సొంత పేరుతో రూట్లో తిప్పుకోవచ్చు. అలాంటి బస్సుల్లో ఒకదాని పేరు చిరుత. మా వాడు అందులో ఖాళీ సమయంలో పని చేసేవాడు, జీతం లేకుండా.

ఆ చిరుతలోనే పని చేసే ఒక మనిషిని అక్కడ అందరూ కత్తెర అని పిలిచేవారు. పాతబడ్డ ప్రతి సామానునూ కోసి పారేయడం ఆ మనిషి పని. రెండేళ్ళ క్రితం కత్తెర ఒక నోటీసు పెట్టింది. పాత రకం కంప్యూటర్లకు ఇకమీదట చిరుత నడవదు, వాటిని వాడేవాళ్ళు ఎవరూ లేరు, అని.

మా వాడు కింద రాశాడు: "మా తాత ఉన్నాడు."

"ఒక్క తాత కోసం ఇంత సామాను మోయలేం," అని జవాబు.

"అయితే నేను మోస్తాను," అని రాసి, మా వాడు చిరుత మొత్తాన్ని కాపీ తీసుకుని బయటికొచ్చేశాడు. దీన్ని వాళ్ళ భాషలో ఫోర్క్ అంటారట. మా భాషలో అలిగి వేరు కాపురం పెట్టడం అంటారు. తన బస్సుకి నత్త అని పేరు పెట్టాడు. మెల్లగా పోతుంది గానీ ఎక్కడికైనా పోతుంది.

రెండేళ్ళలో నత్తకు రెండు వందల పైచిలుకు జనం పోగయ్యారు. అందరివీ పాత కంప్యూటర్లే. కానీ ప్రతి కొత్త నత్తనూ ముందుగా నడిపి చూసేది ఒక్కడే, అది నేను. ప్రతి ఆదివారం మా వాడు పెన్ డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టేవాడు. నేను నా గదిలో నడిపి చూసి, ఎలా ఉందో చెప్పేవాణ్ణి. వాడు దాన్ని 'తాత రిపోర్టు' అని నెట్లో పెట్టేవాడు.

నా రిపోర్టులకు మంచి గిరాకీ ఉండేది. "మౌస్ ఎడమకు తిరగనంటోంది. మా పాత కండక్టరు కూడా అంతే, ఎడమ వైపు సీట్లకు టిక్కెట్లు కొట్టేవాడు కాదు. అక్కడ వాళ్ళ అత్తగారు కూర్చునేది." ఇలా ఉండేవి. నత్త వాడనివాళ్ళు కూడా అవి చదివేవారట.

కత్తెర మాత్రం మా వాడితో పోట్లాట మానలేదు. వారానికోసారైనా ఏదో ఒకటి రాసేది. "నీ నత్తలో ఫలానా చోట తప్పుంది." "అది నీ చిరుతలోంచి వచ్చిన తప్పే." "నాది నేను దిద్దుకున్నాను, వచ్చి చూసుకో." మా వాడు ఆ ఉత్తరం చదువుతూ పళ్ళు కొరికేవాడు. చదివిందే మళ్ళీ చదివేవాడు. ఒక వారం ఉత్తరం రాకపోతే మాత్రం మెయిలు పెట్టె తెరిచి మూసి, తెరిచి మూసి చంపేవాడు.

"ఏరా, శత్రువుకి ఒంట్లో బాగాలేదేమో, ఓ ఉత్తరం ముక్క రాయకపోయావా?" అనేవాణ్ణి.

"నాకేం అవసరం తాతా," అనేవాడు. సాయంత్రానికి రాసేవాడు.

ఇలా ఉండగా చిరుత వాళ్ళ పెద్దల దగ్గర్నుంచి కబురొచ్చింది. నత్తకు ఇంతమంది ఉన్నారు కాబట్టి దాన్ని తిరిగి తమ గూట్లోకి తీసుకుంటారట. పాత కంప్యూటర్ల కోసం అధికారికంగా అదే ఉంటుందట. ఒకటే షరతు. కొత్తగా రాబోయే నాలుగో నత్త, నిజమైన పాత కంప్యూటర్ మీద నడవడం తమ మనిషి కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. ఆ మనిషి మా నగరంలోనే ఉందట. కత్తెర.

"ఇక్కడే ఉందా?" అన్నాను.

"నాకూ ఇవాళే తెలిసింది. రెండేళ్ళుగా రెండు బస్టాపుల అవతల కూర్చుని తిడుతోంది తాతా." తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "ఇది కాకపోతే నత్తను మూసేస్తాను. రెండు వందల మంది బరువు నా ఒక్కడి వల్ల కావడం లేదు. పొద్దున్న పళ్ళు, సాయంత్రం నత్త. అద్దంలో చూసుకుంటే నా మొహమే నాకు ఎర్రర్‌లా కనిపిస్తోంది."

"దానికేం, మన కంప్యూటర్ గుర్రంలా ఉంది. రమ్మను," అన్నాను.

అన్నాక నా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని మంచం మీద కూలబడ్డాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. నా కంప్యూటర్ పంతొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా ఆగలేదన్నాను కదా. నిజమే, ఒక్క రోజు ఆగలేదు. ఎనిమిది నెలలుగా ఆగి ఉంది.

పోయిన వానాకాలం తువ్వాళ్ళు ఆరక కంపు కొట్టేవి. నా కంప్యూటర్ నెత్తి మీద ఎప్పుడూ వెచ్చగా ఉండేది. తడి తువ్వాలు పరిస్తే గంటలో పెళపెళలాడేది. నెల రోజులు బాగా జరిగింది. ఒక పొద్దున చిన్నగా టప్‌మని చప్పుడు, కాస్త పొగ, అంతే.

చెబుదామనే అనుకున్నాను. ఆ ఆదివారం వాడు పెన్ డ్రైవ్ పట్టుకుని వచ్చాడు, కళ్ళు వాచిపోయి. "నీ మెషీన్ కోసమే ఈ వారమంతా కూర్చున్నాను తాతా, ఎలా ఉందో చూసి చెప్పు." ఎలా చెప్పను? "పరుగులు తీస్తోందిరా," అన్నాను. వాడి మొహం వెలిగింది. తర్వాతి ఆదివారం మరీ వెలిగింది. ఎనిమిది నెలలు నేను ఆ నల్లటి తెర ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని రిపోర్టులు అల్లాను. అనుమానం రాకుండా మధ్యమధ్య కొన్ని జబ్బులు కూడా కల్పించాను.

ఆదివారం పది గంటలకు వాన దంచుతోంది. గుమ్మంలో ఒక గొడుగు మూసుకుంది, వెనక నుంచి ఒక అమ్మాయి బయటపడింది. పొట్టిగా, కళ్ళజోడుతో, భుజాన తన ఎత్తులో సగం ఉన్న సంచితో. గొడుగు చివర్నుంచి నీళ్ళు మా వాడి పాదాల మీద కారుతున్నాయి. వాడికి తెలియడం లేదు.

"నత్త అంటే మీరేనా?" అంది.

"కత్తెర అంటే మీరా?" అన్నాడు వాడు. "నేను... ఇంకా పెద్దవాళ్ళనుకున్నాను."

"నేనూ మీకు కొమ్ములుంటాయనుకున్నాను. లోపలికి రావచ్చా, వానలోనే సంతకం పెట్టమంటారా?"

ఆమె చెవి డాక్టరు దగ్గర వినికిడి మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్. వీడు పళ్ళు, ఆమె చెవులు. ఒకే మొహంలో పని చేసుకుంటూ ఇన్నాళ్ళూ ఎదురుపడలేదు.

వాళ్ళ లోకంలో ఒక పద్ధతి ఉంది. ఒకరి పనికి ఇంకొకరు పూచీ పడాలంటే ముందు ఎదురెదురుగా కూర్చుని గుర్తింపు కార్డులు చూపించుకోవాలి. ప్రతివాళ్ళకీ నలభై అక్షరాల గుర్తు ఒకటి ఉంటుంది. దాన్ని పైకి చదవాలి, అవతలివాళ్ళు తమ కాగితం మీద ఒక్కొక్క అక్షరానికీ టిక్కు పెట్టుకోవాలి.

ఆమె మా వాడి కార్డు తీసుకుని ఒకసారి కార్డునూ ఒకసారి వాణ్ణీ చూసింది. "ఇందులో మీసం ఉంది."

"తీసేశాను."

"ఎవరైనా చెప్పారా?"

"అద్దం చెప్పింది."

"మంచి అద్దం," అని కార్డు ఇచ్చేసింది. మా వాడి చెవులు ఎర్రబడ్డాయి. చెవుల టెక్నీషియన్ కదా, ఆమె గమనించకుండా ఉంటుందా.

తర్వాత చదవడం మొదలుపెట్టారు. "ఏ, నాలుగు, ఎఫ్, ఏడు..." ఆమె చదువుతుంటే వీడు కాగితం చూడాలి. ఆమెను చూశాడు. ఇరవయ్యో అక్షరం దగ్గర ఆమె ఆగింది. "మీరు టిక్కులు పెట్టడం లేదు."

"పెడుతున్నాను."

"బల్ల మీద పెడుతున్నారు."

మళ్ళీ మొదటి నుంచి చదివింది. వాడు మళ్ళీ దారి తప్పాడు. మూడోసారికి ఆమెకే ఎక్కడున్నదో గుర్తులేదు. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను చాలా టిక్కెట్లు చూశాను గానీ, ఒకే టిక్కెట్టు మూడుసార్లు పంచ్ చేయించుకున్న ప్రయాణికుల్ని చూడలేదు.

పని ముగిశాక ఆమె నా వైపు తిరిగింది. "తాతగారూ, ఒక మాట చెప్పనా? మొదట్లో మీరు లేరనుకున్నాను నేను. నాతో వాదన గెలవడానికి ఈయన మిమ్మల్ని పుట్టించాడనుకున్నాను."

"ఉన్నానమ్మా. కావాలంటే గిల్లి చూసుకో."

"మీరున్నారు, చాలు. మెషీన్ చూద్దామా?"

నేను నా గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "అయ్యో, కరెంటు లేదే," అన్నాను.

ఆమె పైకి చూసింది. "ఫ్యాన్ తిరుగుతోంది తాతగారూ."

"అది ఊపు మీద తిరుగుతోంది." ఆమె నవ్వలేదు. నేను మనవడి వైపు తిరిగాను. "ఒరే, అమ్మాయికి టీ ఇవ్వొద్దూ? పరుగెత్తి పాలు పట్టుకురా."

"పాలున్నాయి మామయ్యా," అంది వంటింట్లోంచి మా కోడలు, వాడి అమ్మ.

"విరిగిపోయాయి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

వాడు వానలోకి పరుగెత్తాడు. ఆమె నా వెనకే గదిలోకి వచ్చింది. కంప్యూటర్ మీద తువ్వాలు తీసింది, మీట నొక్కింది. ఇంకోసారి నొక్కింది. నా వైపు చూడకుండా సంచిలోంచి స్క్రూడ్రైవర్ తీసి పక్క రేకు విప్పింది. లోపల తువ్వాలు నూగు గుప్పెడు. బోర్డు మీద తొమ్మిది చిన్న డబ్బాలు, తలలు ఉబ్బి.

"ఎన్నాళ్ళైంది?"

"ఎనిమిది నెలలు."

"మరి డిసెంబరులో, తెర మీద మూల పచ్చగా పాకుడు పట్టినట్టుందని రాశారు."

"అల్లాను."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. "ఆ పచ్చరంగు ఎక్కడిదా అని మూడు వారాలు వెతికాను తాతగారూ."

"నువ్వెందుకు వెతికావమ్మా? మాది వేరు కాపురం కదా."

ఆమె విప్పిన స్క్రూలు లెక్కపెట్టింది. "నేను దిద్ది చిరుతలో పెడితే ఆయన తీసుకుంటాడు. ఊరికే తీసుకోడు, తిడితేనే తీసుకుంటాడు. అందుకే తిడుతూ చెప్పేదాన్ని." తర్వాత అంది, "పచ్చరంగు దొరకలేదు గానీ, వెతుకుతుంటే నిజం తప్పులు మూడు దొరికాయి."

"అయితే నా అబద్ధం వల్ల మేలే జరిగిందన్నమాట. ఆ సంతకం కూడా పెట్టేద్దూ, మా బంగారు తల్లివి."

"పెట్టను. చూడనిది చూశానని నేను సంతకం పెట్టను."

"వాడు నత్తను మూసేస్తానంటున్నాడమ్మా."

"అయినా పెట్టను," అంది. స్క్రూల లెక్క తప్పి మళ్ళీ మొదలుపెట్టింది.

గుమ్మంలో పాల ప్యాకెట్టు పట్టుకుని మా వాడు నిలబడి ఉన్నాడు, తల నుంచి పాదం దాకా తడిసి.

"ఎనిమిది నెలలా తాతా?"

నేను ఏ కథా చెప్పలేకపోయాను. నా జీవితంలో అది మొదటిసారి. "నువ్వు నా కోసమే చేస్తున్నానంటివి. చచ్చిపోయిందని చెబితే నీ కష్టమంతా..." అన్నాను.

వాడు మంచం మీద కూర్చున్నాడు. కోప్పడితే బాగుండేది. "రెండు వందల మంది నా మాట నమ్మారు, నేను నీ మాట నమ్మాను," అన్నాడు. ఆమెతో, "ఫెయిలైందని రాసేయండి. ఇవాళే మూసేస్తాను. మీరు మొదట్నుంచీ అదే అన్నారుగా, ఒక్క తాత కోసం మోయలేమని."

"రాస్తాను," అంది ఆమె. "మావాళ్ళు పెట్టిన గడువు సాయంత్రం ఆరింటికి. ఇప్పుడు పదకొండున్నర. ఈ డబ్బాల్లాంటివి మా క్లినిక్ వెనక షాపులో దొరుకుతాయి. కాల్చి అతికించే సామాను నా సంచిలో ఉంది. టార్చి పట్టుకుంటారా, ఏడుస్తూ కూర్చుంటారా?"

"నేను ఏడవడం లేదు. వాన నీళ్ళు."

"అయితే తుడుచుకుని పట్టుకోండి," అని నా తువ్వాలు వాడి మీదకు విసిరింది.

షాపు నుంచి డబ్బాలు తెచ్చుకుని, మూడున్నర దాకా ఇద్దరూ నా గది నేల మీద తలలు ఆనించి కూర్చున్నారు. ఆమె అతుకుతుంది, వాడు టార్చి పడతాడు. వెలుగు ఉండాల్సిన చోట ఉండకపోతే, "బోర్డు అక్కడ లేదు, ఇక్కడుంది," అనేది. అయినా టార్చి ఆమె బుగ్గ మీదికే జారుతుండేది. నేను కిటికీ పక్కన కూర్చుని వాన చూస్తున్నట్టు నటించాను. నా నటన ఎవరికీ అక్కర్లేకపోయింది.

మీట నొక్కితే నా కంప్యూటర్ దగ్గింది, లేచింది. మా వాడు నాలుగో నత్తను ఎక్కించాడు. తెర నల్లగా అయి అలాగే ఉండిపోయింది. మళ్ళీ నొక్కినా అంతే.

"మిగతావాళ్ళంతా ఇంకా మూడో నత్త మీదే ఉన్నారు. దీన్ని ఎనిమిది నెలలు ఎవరూ నడిపి చూడలేదుగా," అన్నాడు వాడు నీరసంగా. నాలుగున్నరైంది. ఐదైంది. ఇద్దరూ రెండు లాప్‌టాప్‌లలో ఏవేవో తెరుస్తున్నారు, మూస్తున్నారు, నువ్వంటే నువ్వని వాదించుకుంటున్నారు. ఒకరినొకరు 'మీరు' అనడం ఎప్పుడు మానేశారో నేను గమనించనే లేదు.

నాకు మాత్రం ఒకటి వినిపిస్తోంది. "అమ్మాయ్," అన్నాను. "తెర నల్లబడ్డాక లోపల ఏదో అప్పుడే గుర్రుమని లేస్తోంది. నేను బస్సు తీసేశాక ముసలాయన చెయ్యి ఊపుతూ పరుగెత్తుకొచ్చినట్టుంది."

ఆమె మెషీన్ మీద చెవి ఆనించింది. చెవుల మనిషి. "ఇంకోసారి నొక్కు," అంది మా వాడితో. విన్నది. కళ్ళు పెద్దవయ్యాయి. "డిస్కు. పాత డిస్కు తిరగడానికి పది సెకన్లు పడుతుంది. నత్త దాని కోసం ఆగడం లేదు."

"ఆగాలని ఒక లైను ఉండాలే," అన్నాడు వాడు.

"ఉండేది." ఆమె తల వంచుకుంది. "పోయిన ఏడాది నేనే కోసేశాను. ఇప్పుడు అందరివీ వేగం డిస్కులే, ఎవరి కోసం ఆగాలి అనుకున్నాను."

"నువ్వు కోస్తే, చూడకుండా కాపీ చేసుకున్నది నేను."

"చూడకుండా బాగుందన్నది నేను," అన్నాను, వాటా వదులుకోవడం ఇష్టంలేక.

ఆమె ఆ లైను తిరిగి రాసింది. పది సెకన్లు ఆగు. ఆరింటికి పదిహేను నిమిషాలుండగా మీట నొక్కారు. తెర నల్లబడింది. లోపల గుర్రుమంది. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరూ నోట్లో లెక్కపెడుతున్నారు. ఎప్పుడు పట్టుకున్నారో గానీ ఇద్దరి చేతులూ కలిసి ఉన్నాయి. పదో సెకను దాటగానే తెర మూల నుంచి ఒక చిన్న నత్త మెల్లగా పాకుతూ వచ్చింది.

ఆమె రిపోర్టు అంతా నిజమే రాసింది, తువ్వాలుతో సహా. మా వాడు ఆమె భుజం మీదుగా చదివాడు. చివర ఇలా ఉంది: "మెషీన్ నడిచింది, కళ్ళారా చూశాను. తాత కూడా నిజమే. తాత రిపోర్టుల గురించి అదే మాట చెప్పలేను."

కింద ఒక గడి మిగిలింది. చిరుత వాళ్ళ నియమం, ఏ బస్సుకైనా బాధ్యులు ఇద్దరుండాలి. మొదటి గడిలో మా వాడి పేరుంది. రెండోది ఖాళీ.

"నాకెవరున్నారు?" అన్నాడు వాడు. "తాతకి ఆ ఉద్యోగం ఊడింది."

ఆమె ఆ గడిలో తన పేరు కొట్టింది.

మా వాడు ఆ అక్షరాలు చాలాసేపు చూశాడు. నలభై కూడా లేవు, అయినా టిక్కు పెట్టడానికి అంతసేపు పట్టింది. "నన్ను తిట్టడానికే ఇంత దూరం వచ్చావనుకున్నాను."

"తిట్టడానికైతే రెండేళ్ళు ప్రతి ఆదివారం మీ తాత రిపోర్టు కోసం కాచుకు కూర్చోనక్కర్లేదు." కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఇకమీదట టెస్టు నేనే చేస్తాను. ఈ మెషీన్ మీదే. ఆదివారం ఆదివారం రావాల్సి ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"మెషీన్ ఉన్నన్నాళ్ళు."

"మెషీన్ పోతే?"

"బాగుచేస్తాను," అంది. "మళ్ళీ పోతే మళ్ళీ బాగుచేస్తాను. నాకు ఇష్టమని దీనికంటే విడమరిచి చెప్పాలంటే నా వల్ల కాదు."

"నా వల్ల అవుతుంది," అన్నాడు మా వాడు. చెప్పాడు కూడా. అది నేను రాయను. మంచి ముక్కలు కొన్ని వాళ్ళకే ఉండనీయాలి.

గుమ్మంలో మా కోడలు నిలబడి ఉంది, చేతిలో అమ్మాయికని తెచ్చిన మూడో కంచం. "వాన తగ్గలేదు, ఎలా వెళ్తావమ్మా. తినేసి వెళ్ళు," అంది. అమ్మాయి ఉండిపోయింది. తిన్నాక కూడా గంటసేపు ఉండిపోయింది. వచ్చే ఆదివారం వాళ్ళమ్మగారిని కూడా తీసుకురమ్మంది మా కోడలు.

అమ్మాయి చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు నేను కోడలి దగ్గర చేరాను. "కంప్యూటర్ సంగతి ముందే చెప్పి ఉండాల్సిందమ్మా నేను."

"నాకు తెలుసు మామయ్యా."

"ఎలా?"

"ఎనిమిది నెలల నుంచి మీ తువ్వాలు ఆరకుండా తడిగానే ఉతకడానికి వస్తుంటే తెలీదా?"

ఇదీ జరిగింది. ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను కల్పించాను. ఒప్పుకోకపోతే ఈ కథ మీద ఆ అమ్మాయి సంతకం పెట్టదు.

కంప్యూటర్ వానాకాలంలో ఆగి ఎనిమిది నెలలైందన్నాను కదా, లెక్క చూసుకున్నవాళ్ళు ఈపాటికి పట్టేసి ఉంటారు. ఆ రోజు వాన లేదు. మండుటెండ. గొడుగు ఎండకు వేసుకొచ్చింది. మా వాడు తడిసింది చెమటతో, పాల కోసం అంత పరుగెత్తాడు. ప్రేమ కథ కదా, కాస్త చల్లగా ఉంటుందని వాన నేను పోశాను.

తిన్నాక ఆమె గంటసేపు ఉండిపోయిన మాట మాత్రం నిజం. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. ఎందుకు ఉండిపోయావని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.